పదకొండింటి పాట

ఆ వీధిలో ఎవరింట్లో పాత వస్తువు అటక దిగినా, దాన్ని ఆన్‌లైన్ వేలంలో పెట్టేముందు ముహూర్తాల పిన్ని చెవిన వేయాల్సిందే. వేయకుండా సొంత తెలివి చూపించినవాళ్లు లేకపోలేదు. పై వాటా ఆయన ఒకసారి తన కెమెరాని శనివారం పొద్దున ముగిసేలా వేలానికి పెట్టి, అయినకాడికి వదిలించుకుని, ఆ తర్వాత చాలా రోజులు మెట్ల మీద మొహం చాటేశాడు. పిన్ని ఊరుకునే మనిషా? దొరకబుచ్చుకుని మరీ అడిగింది.

"శనివారం పొద్దున కెమెరా పిచ్చి ఉన్నవాడు ఇంట్లో ఎందుకుంటాడండీ? ఏ చెరువుగట్టునో కొంగల్ని ఫోటోలు తీస్తూ ఉంటాడు."

"కెమెరా ఉన్నవాడు మళ్లీ కెమెరా ఎందుకు కొంటాడమ్మా?"

"ఉన్నవాడే కొంటాడు. లేనివాడు ఫోనుతో సరిపెట్టుకుంటాడు. నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయేది?"

పోయింది సొమ్మే కాబట్టి ఆయన గబగబా మెట్లెక్కేశాడు.

ఆ ముహూర్తాల పేరు పెట్టింది ఆవిడ మరిది. వెక్కిరింతకే పెట్టాడు. "మా వదిన కుక్కర్ మూత అమ్మాలన్నా ముహూర్తం చూస్తుంది" అని నలుగురిలో అన్నాడు. వీధి పిల్లలు ఎలాగూ పిన్ని అనే పిలుస్తారు, దానికి ముందు ఇది వచ్చి అతుక్కుంది. ఆవిడ నొచ్చుకుంటుందని మరిది ఆశపడ్డాడు గానీ, ఆవిడకి ఆ పేరు తెగ నచ్చేసింది. వేలం సైటులో తన ఖాతాకి కూడా అదే పేరు పెట్టుకుంది.

ఇంతకీ ఆవిడ చెప్పేది కొట్టిపారేసే సంగతి కాదు. వేలం వారం రోజులు నడిస్తే, అందులో దాదాపు వారమంతా ఎవరూ కిమ్మనరు. చూస్తుంటారు, నచ్చిందని గుర్తు పెట్టుకుంటారు, పోతారు. ముగిసే ముందు కాసేపట్లో ఒక్కసారిగా ఎగబడతారు. అసలు పాటంతా ఆ కాసేపే. ఆ కాసేపట్లో కొనాల్సినవాడు స్నానం చేస్తున్నాడనుకోండి, బండి నడుపుతున్నాడనుకోండి, మీ వస్తువు బంగారమైనా ఇత్తడి ధరకి పోతుంది. అందుకే పిన్ని ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాని ధర అడగదు. "ఇది కొనేవాడి చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుంది?" అంటుంది.

ఈ విద్య ఆవిడకి బస్టాండులో అబ్బింది. రిటైరయ్యేదాకా అక్కడ పోయిన సామాన్ల కౌంటరులో కూర్చుంది. కిటికీకి ఇనుప జాలీ, వెనక అరల్లో గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి ఎవరిదో పెట్టుడు పళ్ల సెట్టు. ఎవరు దేనికోసం ఏ వేళకి వస్తారో చూసి చూసి ఆవిడకి కంఠతా వచ్చేసింది. టిఫిను డబ్బా పోగొట్టుకున్నవాడు సాయంత్రం ఇంటికి పోయేముందు వచ్చి తీరతాడు, లేకపోతే ఇంట్లో అడుగుపెట్టలేడు. గొడుగువాడు మళ్లీ వాన పడితే గాని రాడు. పెట్టుడు పళ్లాయన భోజనాల వేళకి పరుగెత్తుకొచ్చాడు, కావలసిందేమిటో నోటితో చెప్పలేక వేళ్లతో చూపించాడు. ఆ కథ ఆవిడ ఇప్పటికీ చెబుతుంది, చెప్పిన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు తనే నవ్వుతుంది.

ఆ లెక్కే వేలాలకీ పనికొచ్చింది. పసిపిల్లల కుర్చీ అయితే మధ్యాహ్నం ముగిస్తుంది, బిడ్డ నిద్రపోయి తల్లికి ఒక చెయ్యి దొరికే వేళ. వ్యాయామం సైకిలైతే సోమవారం పొద్దున. ఆదివారం తిన్నదంతా ఆ పూట కాటా మీద కనిపిస్తుంది కదా, ఆ కంగారులో కొనేస్తారు. గురువారానికల్లా ఆ కంగారు తగ్గిపోతుంది, అప్పుడు బతిమాలినా కొనరు. డ్రమ్ముల సెట్టు వచ్చినప్పుడు మాత్రం బాగా ఆలోచించి, ఆడవాళ్లు బజారుకెళ్లే వేళ చూసి పెట్టింది. "కొనేవాడికి డబ్బు ఒక్కటే ఉంటే చాలదు, ఇంట్లో వద్దనేవాళ్లు లేని ఓ పావుగంట కావాలి" అంది. అనుకున్నదానికి రెట్టింపు పలికింది. పార్సిలు కట్టేది ఆవిడ భర్త. బస్సు డ్రైవరుగా చేసి దిగినాయన, మాట తక్కువ, ముడి గట్టి. ఆ రోజు డ్రమ్ములకి అట్టలు చుడుతూ, "పాపం, ఎవరి కొంపో" అని మాత్రం అన్నాడు.

ఇలా కాలరెగరేసుకుని తిరుగుతున్న మనిషికి, ఒకనాడు సొంత అక్క దగ్గర్నుంచి పని పడింది.

అక్కది ఊరికి ఆ చివర చిన్న బేకరీ. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాం కలిసి తెరిచారు. ఆయన పోయాక అక్క ఒక్కతే నడిపింది. ఇప్పుడు కుడి భుజం పూర్తిగా మొరాయించింది, చెయ్యి తల దాటి లేవడం లేదు. డాక్టరు పిండి జోలికి పోవద్దని ఖరాఖండిగా చెప్పేశాడు. దుకాణం గది నెలాఖరుకి అప్పజెప్పాలి, దాన్ని ఫోన్ల కొట్టువాడు తీసుకున్నాడు. రేకులు, అచ్చులు, అద్దాల బీరువా, అన్నీ తెలిసినవాళ్లు తలా ఒకటి పట్టుకుపోయారు. మిగిలింది పిండి కలిపే మిషను.

పిన్ని వెళ్లి చూసింది. ఖాళీ గదిలో అదొక్కటే గున్న ఏనుగులా నిలబడి ఉంది. పసిబిడ్డని కూర్చోబెట్టి స్నానం చేయించొచ్చు, అంత గిన్నె. పక్కన గోడకి బిగించేసిన కొయ్యబల్ల, బల్ల పగుళ్లలో ఎంత కడిగినా వదలని పిండి. గోడమీద గడియారం తీసేసిన చోట గుండ్రటి మచ్చ. అక్క మిషను మీద ఎడమ చెయ్యి వేసి నిలబడింది.

"బుజ్జీ, ఇది పిండి కలిపేవాళ్ల చేతికే వెళ్లాలే. ముక్కలు చేసేవాడికి మాత్రం ఇవ్వకు. ఎంతకి పోయినా నాకు పట్టింపు లేదు."

"ముక్కలు ఎవరు చేస్తారే?"

"చెయ్యరా? మీ బావ దీనికోసం పెళ్లినాటి ఉంగరం కూడా అమ్మేశాడు. ఇనుప కొట్లో దీన్ని పగలగొడుతుంటే నేను చూడలేను."

పిన్ని తనూ మిషను మీద చెయ్యి వేసి, "నాకు వదిలెయ్యి" అంది. ఆ మాట అనడం ఆవిడకి అలవాటు. అన్నాక జరిపించడం కూడా అలవాటే.

ముక్కలు చేసేవాడు ఎవరో ఆవిడకి తెలుసు. సైటులో వాడి పేరు రాగితీగ. బరువైన మోటారు ఉన్న ఏ మిషను కనిపించినా, లోపలి రాగి కోసం పాటకి దిగుతాడు. ఒకసారి పిన్ని దగ్గర బట్టలుతికే మిషను కొన్నాడు. వారం తిరక్కుండా అదే మిషను మోటారు వేరుగా, డ్రమ్ము వేరుగా, తలుపు వేరుగా వేలంలో తేలింది. తప్పని కాదు, అది వాడి వ్యాపారం. కానీ అక్క మిషను వాడికి దక్కకూడదంటే, వాడికన్నా ఎక్కువ పాడేవాళ్లు చివరి కాసేపట్లో మేలుకుని ఉండాలి. సైటువాళ్లకి బేకరీ అని తెలియదు, ఇనుప కొట్టని తెలియదు. ఎక్కువ పాడినవాడికే ఇవ్వాలి.

ముగింపు టైము మీద ఇంట్లో పంచాయితీ జరిగింది. ఆవేళ మరిది భోజనానికొచ్చాడు.

"వదినా, ఆలోచించేదేముంది? ఆదివారం రాత్రి ఎనిమిదికి పెట్టు. ఊరంతా ఇంట్లో ఉంటుంది."

"ఊరంతా ఉంటే నాకెందుకయ్యా? నాకు కావలసింది బేకరీవాళ్లు. వాళ్లు తెల్లవారుజామునే లేవాలి కాబట్టి ఆ టైముకి ముసుగు తన్నేస్తారు. మేలుకుని ఉండేది రాగితీగ ఒక్కడే. నెత్తిన పాలు పోసినట్టే వాడికి."

"మరెప్పుడంటావ్?"

"మంగళవారం పొద్దున పదకొండు. పొద్దుటి అమ్మకాలు అయిపోతాయి, సాయంత్రం పిండి ఇంకా కలపరు. బేకరీవాళ్లు తీరిగ్గా కూర్చునే టైము అదే."

"నీకెవరు చెప్పారు?"

పిన్ని అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, జాలిగా చూసింది. "చేతికి సెల్‌ఫోన్ వచ్చినప్పట్నుంచీ రోజూ పదకొండింటికి మా అక్కకి ఫోన్ చేస్తున్నా. ఎప్పుడు చేసినా ఒక్క రింగుకే ఎత్తుతుంది. ఇంకెవరు చెప్పాలి?"

మరిది మజ్జిగ తాగి లేచాడు.

వేలం మొదలైంది. మిషను ఫోటోలు తీసింది భర్త. గిన్నె లోపలిదాకా కనిపించేలా, చక్రం తిరుగుతుండగా వీడియో కూడా పెట్టారు. చూస్తున్నవాళ్ల అంకె రోజురోజుకీ పెరిగింది. పాట పాడింది మాత్రం రాగితీగ ఒక్కడే, అదీ చాలా తక్కువకి. మరిది రోజూ ఫోన్ చేసి, "ఏమైంది వదినా, బేకరీలన్నీ మూసేశారా?" అని సాగదీసేవాడు. పిన్ని చలించలేదు. చివర్లో వస్తారు, ఎప్పుడూ అంతే.

ముగింపుకి ముందురోజు సాయంత్రం, ఈ విశేషాలన్నీ చూపించి మెప్పు పొందుదామని అక్క ఇంటికి బయల్దేరింది. అక్కకి ఫోన్లు చేయడం, ఎత్తడం తప్ప వాటిలో ఏం చూడటం రాదు. కళ్లజోడు పెట్టుకుని, పిన్ని ఫోనుని దూరంగా పట్టుకుని, ఫోటోలో మిషనుని చూసి మురిసిపోయింది.

"ఎంత బాగా తీశాడే మీ ఆయన! ఇదిగో, ఈ కింద అంకెలేమిటి, పరుగెడుతున్నాయి?"

"ఇంకెంతసేపు ఉందో చెప్తుంది. రేపు పదకొండుకి ముగుస్తుంది."

"రాత్రి పదకొండుకా?"

"రాత్రేమిటే, పొద్దున."

అక్క ఫోను ఒళ్లో పెట్టేసింది. "పొద్దున పదకొండుకి బేకరీవాళ్లు ఎవరు మేలుకుంటారే? అందరం పడుకునే టైము కదా అది."

"పడుకోవడమేంటి?"

"అర్ధరాత్రి లేచి పొయ్యి అంటించినవాళ్లు పొద్దుటి బేరాలయ్యాక ఒళ్లు వాల్చకపోతే ఎట్లా బతుకుతారు? పదింటికి పడుకుంటే మూడు దాటాకే లేచేది. నా జీవితమంతా అంతే."

పిన్ని నవ్వింది. అక్క తమాషా చేస్తోందనుకుంది. "ఊరుకోవే. రోజూ పదకొండింటికి నాతో మాట్లాడింది ఎవరు మరి?"

"నేనే. నువ్వు చేసేదానివని లేచేదాన్ని. దిండు కింద ఫోను పెట్టుకునేదాన్ని, మోగగానే ఎత్తడానికి. నీతో మాట్లాడాక మళ్లీ పడుకునేదాన్ని, నిద్ర పడితే పట్టేది."

పిన్నిని బస్టాండులో టీ కోసం పదిహేను నిమిషాలు వదిలేది పదకొండింటికి. ఆ టీ గ్లాసు పట్టుకుని, జాలీ వెనక కూర్చుని ఆవిడ అక్కకి ఫోన్ చేసేది. లోకంలో అందరి చేతులూ ఎప్పుడు ఖాళీ అవుతాయో లెక్కలు కట్టిన మనిషి, అక్క దగ్గరికొచ్చేసరికి తన చెయ్యి ఖాళీ మాత్రమే చూసుకుంది. ఒక్కసారైనా "పడుకున్నావా?" అని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

"ఇన్నేళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేమే!" అంది చివరికి, కోపంగానే. కళ్లలో నీళ్లు తిరిగితే ఆవిడకి కోపమే వస్తుంది.

"చెబితే మానేసేదానివి. ఇంకో టైము చూస్తానని లెక్కలు మొదలెట్టేదానివి. నీకు కుదిరిన టైముకి నా చేతులు పిండిలో ఉండేవి. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నా."

పిన్ని పైటతో కళ్లు ఒత్తుకుంది. ఇక్కడ ఏడుస్తూ కూర్చుంటే రేపీపాటికి మిషను ముక్కలవుతుంది. ఫోను లాక్కుంది.

ఒకసారి పాట పడ్డాక సైటువాళ్లు ముగింపు టైము మార్చనివ్వరు. మొత్తం వేలాన్నే రద్దు చేసుకోవాలి. రద్దు చేసినవాళ్ల పేరు పక్కన ఎర్ర గుర్తు వేస్తారు. పిన్ని ఖాతాలో అంతవరకూ ఒక్క ఎర్ర గుర్తు లేదు. ఆవిడ గొప్పంతా అదే. కొత్తవాళ్లకి ఫోను తెరిచి చూపించేది కూడా ఆ మచ్చలేని పేజీనే.

"నిజంగా రద్దు చేయాలా?" అని సైటు ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆవిడ రెండుసార్లూ అవునని నొక్కింది. కారణం రాయమంటే, తడుముకోకుండా రాసింది: "టైము తప్పు పెట్టాను. తప్పు నాదే."

రాగితీగ ఒంటికాలి మీద లేచాడు. "నాకు దక్కుతుందని రద్దు చేశావు, ఇది మోసం" అని అందరికీ కనిపించేలా రాశాడు. "మోసం కాదు బాబూ, పొరపాటు. మళ్లీ పెడతాను, నువ్వూ వచ్చి పాడు" అని పిన్ని దాని కిందే జవాబు రాసింది. మరిదికి కబురు తెలిసి వెంటనే ఫోన్ చేశాడు.

"ముహూర్తాల పిన్ని పప్పులో కాలేసిందట?"

"వేశాను. మోకాలిదాకా వేశాను. ఇంకేమైనా ఉందా?" అని పెట్టేసింది.

ఆ పైన అక్క వైపు తిరిగి, వేలాలు మొదలుపెట్టాక ఎప్పుడూ ఎవరినీ అడగని ప్రశ్న అడిగింది. "నువ్వు చెప్పు. ఎప్పుడు పెట్టను?"

అక్క ఆలోచించలేదు. "నాలుగు దాటాక. లేచి, మొహం కడుక్కుని, టీ గ్లాసుతో గుమ్మంలో కూర్చుంటాం. అది తాగి చేతులు పిండిలో పెట్టామంటే ఇంక ఫోను ఎవరు ముట్టుకుంటారు? శనివారం వద్దు, ఆర్డర్లతో ఊపిరాడదు. బుధవారం పెట్టు, నీరసం బేరాలు ఆ రోజు."

వేలం మళ్లీ పెట్టారు, నెలాఖరు దాటకుండా పడే బుధవారానికి. ఈసారి కూడా చివరిదాకా రాగితీగ ఒక్కడే ముందున్నాడు. ఆ బుధవారం సాయంత్రం అక్కాచెల్లెళ్లిద్దరూ ఖాళీ దుకాణంలో, మిషను పక్కన కొయ్యబల్ల మీద కూర్చున్నారు. టీ గ్లాసులు చేతుల్లోనే ఉన్నాయి. పిన్ని ఫోనుని చూస్తోంది, అక్క వీధిని చూస్తోంది.

నాలుగు దాటింది. ఏమీ లేదు. పిన్ని ఫోనుని పైటతో తుడిచి మళ్లీ చూసింది. అక్క తొణకలేదు.

"తొందరపడకు. ఇప్పుడే లేస్తుంటారు."

ఆ మాట అంటుండగానే ఒక కొత్త పేరు పాటలోకి దిగింది. దాని వెనకే ఇంకొకటి. రాగితీగ పెంచాడు. కొత్తవాళ్లు పెంచారు. వాడు మళ్లీ పెంచాడు. పిన్ని లేచి నిలబడి, కనబడని మనుషుల్ని "ఊఁ, పాడండి, పాడండి!" అని అదిలించింది. రాగికి ఎంత ధర వస్తుందో రాగితీగకి తెలుసు, అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు. పిండికి ఎంత వస్తుందో తెలిసినవాళ్లు ఆగలేదు. ముగిసేసరికి మిషను, పక్క ఊళ్లో కొత్తగా బేకరీ పెట్టుకుంటున్న ఒక జంటకి వెళ్లింది.

"చూశావా?" అంది పిన్ని, అంతా తనే చేసినట్టు.

"చూశాను. ముహూర్తం పెట్టింది ఎవరు?"

"నువ్వే. సరేలే, ఈ ఒక్కసారికీ."

ఆ జంట ఒక బండి తీసుకుని వచ్చారు. ఆ అమ్మాయి మిషనుని నడిపి చూసి, ఏదో మూలుగు వినపడుతోందని బెంగగా అడిగింది. అక్క దాని పక్కటెముక మీద ఎడమ చేత్తో ఒక్కటి చరిచింది. మూలుగు ఆగిపోయింది. "అప్పుడప్పుడు ఇలా పలకరించాలమ్మా, అంతే" అంది. మిషను బండెక్కి, వీధి మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలోనే నిలబడింది. ఏడవలేదు. పిన్నే ఏడ్చింది.

మర్నాడు పదకొండయింది. పిన్ని టీ గ్లాసు పట్టుకుని ఫోను వైపు చూసింది. ఉద్యోగం మానినా టీ మానలేదు, ఫోనూ మానలేదు. సంగతి తెలిశాక కూడా, మిషను బండెక్కేదాకా వేలం కబుర్లు తప్పవని నిన్నటి వరకూ చేసింది. ఇవాళ మాత్రం ఫోనుని బీరువా మీద బోర్లించి పెట్టేసింది. పడుకోనీ పాపం, ఇన్నాళ్లకి. నాలుగు దాటాక చేద్దాం. ఈ టైము మాత్రం తప్పు కాదు, అక్క నోటితోనే చెప్పించుకున్న టైము.

బీరువా మీద ఫోను మోగింది. అక్క. ఇన్నేళ్లలో ఆ వేళప్పుడు అటునుంచి ఫోను రావడం అదే మొదలు. పిన్ని ఒక్క అంగలో వెళ్లి ఎత్తింది.

"ఏమైందే? భుజం నొప్పా?"

"నాకేమీ కాలేదు. పదకొండు దాటిపోయింది. ఫోన్ చేయలేదేం?"

"పడుకుని ఉంటావు కదాని. సాయంత్రం చేద్దామనుకున్నా."

"ఇప్పుడు నాకు అర్ధరాత్రి లేచే పనేముందే? రాత్రంతా పడుకునే ఉంటున్నాను. అయినా అలవాటుకొద్దీ పొద్దున పదింటికి నడుం వాల్చి, ఇందాకట్నుంచీ దిండు కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నా, ఫోను మోగుతుందేమోనని."

పిన్ని టీ గ్లాసు కింద పెట్టి, అక్కడే నేల మీద చతికిలబడింది.

"సరే అయితే," అంది గొంతు సవరించుకుని, "రేపు పదకొండింటికే చేస్తా, నువ్వు లేచి కూర్చో. ఒక్క రింగుకే ఎత్తాలి సుమా."